జావా ప్రోగ్రాములు: బ్రౌజరుతోను, నిర్వహణ వ్యవస్థతోను అనుసంధానం

జావా అనేది సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1995లో ప్రకటించిన ప్రోగ్రామింగు భాష. ఈ భాషలో వ్రాసిన ప్రోగ్రాము వెబ్ బ్రౌజరు లోపల నడవడానికి, అలాగే కంప్యూటరులోని నిర్వహణ వ్యవస్థ, అనగా ఆపరేటింగ్ సిస్టం, కల్పించే సౌకర్యాలను ఉపయోగించుకోవడానికి వివిధ కాలాలలో వివిధ పద్ధతులు ఏర్పడ్డాయి. ఆప్లెట్లు, జావా వెబ్ స్టార్ట్, జావా నేటివ్ ఇంటర్‌ఫేస్, డెస్క్‌టాప్ క్లాసు మొదలైనవి వీటిలో ముఖ్యమైనవి. వీటిలో కొన్ని కాలగర్భంలో కలిసిపోగా, కొన్ని ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. ఈ వ్యాసంలో ఆ పద్ధతుల చరిత్ర, పనితీరు, భద్రతాపరమైన సమస్యలతో పాటు డిజిటల్ సంతకాలకు, తెలుగు, గోండి లిపులకు వీటితో గల సంబంధం వివరించబడినది. ఉదాహరణలు ఎక్కువగా ఉత్తర తెలంగాణకు చెందిన పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుండి తీసుకోబడినవి.

అనుసంధానం యొక్క ఆవశ్యకత

సాధారణంగా సి వంటి భాషలో వ్రాసిన ప్రోగ్రామును ఒక నిర్దిష్టమైన యంత్రానికి, నిర్వహణ వ్యవస్థకు తగినట్లుగా కంపైలు చేస్తారు. విండోస్ కొరకు తయారు చేసినది లైనక్స్‌లో నేరుగా నడవదు. జావాలో ఈ ఇబ్బంది లేకుండా మధ్యలో ఒక పొరను ఏర్పాటు చేశారు. మూల ప్రోగ్రామును బైట్‌కోడ్ అనే మాధ్యమిక రూపంలోకి మారుస్తారు. దానిని ప్రతి కంప్యూటరులోను ఉండే జావా వర్చువల్ మెషీన్, అనగా మిథ్యా యంత్రం, చదివి అమలు చేస్తుంది. ఒకసారి వ్రాస్తే ఎక్కడైనా నడుస్తుందన్నది జావాకు ప్రచారసూత్రమైంది.

అయితే ఈ సౌలభ్యానికి మరొక పార్శ్వం ఉన్నది. అన్ని నిర్వహణ వ్యవస్థలలోను నడవాలంటే, ఏ ఒక్కదానికో ప్రత్యేకమైన సౌకర్యాలపై ఆధారపడకూడదు. అందువలన తొలినాళ్ళ జావా ప్రోగ్రాము తాను నడుస్తున్న కంప్యూటరులో పరాయిదానిలా ఉండేది. ఒక పి.డి.ఎఫ్. పత్రాన్ని దానికి తగిన ప్రోగ్రాములో తెరవడం, గడియారం ప్రక్కన చిన్న గుర్తును చూపడం, యు.ఎస్.బి. పరికరంతో మాట్లాడడం వంటివి దానికి సులభసాధ్యం కాదు. ఇంటి లోపలికి రానివ్వకపోతే పని జరగదు. పూర్తిగా రానిస్తే ఇంటికి రక్షణ ఉండదు. జావా అనుసంధాన చరిత్ర అంతా ఈ రెండింటి మధ్య సమతూకం కొరకు జరిగిన ప్రయత్నమే.

ఆప్లెట్లు

జేమ్స్ గోస్లింగ్, అతని సహచరులు 1991లో గృహోపకరణాలను నియంత్రించడానికి ఒక భాషను రూపొందించడం మొదలుపెట్టారు. దానికి మొదట ఓక్ అని పేరు పెట్టారు. ఆ తరువాత ప్రపంచవ్యాప్త వెబ్ ప్రాచుర్యం పొందడంతో వారి దృష్టి అటు మళ్ళింది. 1995 మే 23న జావాను బహిరంగంగా ప్రకటించినపుడు, జావాలోనే వ్రాసిన హాట్‌జావా అనే బ్రౌజరును కూడా ప్రదర్శించారు. అప్పటి వెబ్ పేజీలలో అక్షరాలు, నిశ్చల చిత్రాలు మాత్రమే ఉండేవి. హాట్‌జావాలో పేజీ మధ్యలో కదిలే బొమ్మలు కనిపించాయి. వెబ్ పేజీలో ఇమిడి నడిచే ఇటువంటి చిన్న ప్రోగ్రామునే ఆప్లెట్ అంటారు.

నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 3.0 బ్రౌజర్లు 1996లో ఆప్లెట్లను నడిపే సౌకర్యాన్ని కల్పించాయి. జావా 1.0 వెలువరింత కూడా 1996 జనవరిలోనే వచ్చింది.

ఆప్లెట్ పనిచేసే విధానం ఇది. పేజీని వ్రాసినవారు అందులో ఆప్లెట్ పేరును, అది ఆక్రమించే వెడల్పు, ఎత్తులను ఒక ట్యాగు ద్వారా సూచిస్తారు. బ్రౌజరు ఆ ట్యాగును చూడగానే సర్వరు నుండి బైట్‌కోడ్‌ను దిగుమతి చేసుకొని, వర్చువల్ మెషీనుకు అప్పగిస్తుంది. ఆప్లెట్ జీవితంలో నాలుగు దశలు ఉంటాయి. మొదట ఇనిట్ అనే మెథడ్ దానిని సిద్ధం చేస్తుంది. స్టార్ట్ దానిని నడిపిస్తుంది. చదువరి వేరే పేజీకి వెళ్ళినపుడు స్టాప్ దానిని ఆపుతుంది. చివరకు డిస్ట్రాయ్ దానిని తొలగిస్తుంది.

నెట్‌స్కేప్ సంస్థ తన బ్రౌజరులో లైవ్‌కనెక్ట్ అనే వంతెనను కూడా ఏర్పాటు చేసింది. దీని ద్వారా పేజీలోని జావాస్క్రిప్టు ఆప్లెట్‌లోని మెథడ్లను పిలువగలదు, ఆప్లెట్ పేజీలోని అంశాలను మార్చగలదు. జావా, జావాస్క్రిప్టు పేర్లలో పోలిక ఉన్నప్పటికీ అవి రెండు వేర్వేరు భాషలు. లైవ్‌స్క్రిప్ట్ అనే పేరుతో ఉన్న భాషకు 1995 డిసెంబరులో జావాస్క్రిప్టు అని పేరు మార్చారు. విద్యార్థులు ఈ రెండింటినీ ఒకటిగా పొరబడరాదు.

బ్రౌజర్లలో జావా విషయమై సన్, మైక్రోసాఫ్ట్ సంస్థల మధ్య వివాదం కూడా నడిచింది. మైక్రోసాఫ్ట్ తన సొంత వర్చువల్ మెషీనులో విండోస్‌కు మాత్రమే పరిమితమైన మార్పులు చేసిందని సన్ 1997లో న్యాయస్థానానికి వెళ్ళింది. ఈ వ్యాజ్యం 2001 జనవరిలో రాజీతో ముగిసింది. అటుపిమ్మట చాలామంది వాడుకరులు సన్ సంస్థ ఇచ్చే జావా ప్లగిన్‌ను విడిగా దిగుమతి చేసుకొని బ్రౌజరుకు జోడించుకొనవలసి వచ్చింది.

ఇసుకపెట్టె పద్ధతి

ముక్కూమొహం తెలియని వారి సర్వరు నుండి వచ్చిన ప్రోగ్రామును మన కంప్యూటరులో నడపడం ప్రమాదకరం. దీనికి విరుగుడుగా ఆప్లెట్లను శాండ్‌బాక్స్, అనగా ఇసుకపెట్టె, అనే పరిధిలో ఉంచారు. పిల్లలు ఇసుకపెట్టెలో ఏమి కట్టినా కూల్చినా ఇంటిలోని వస్తువులకు హాని జరగదు. అదే విధంగా ఇసుకపెట్టెలోని ఆప్లెట్ కంప్యూటరులోని ఫైళ్ళను చదవరాదు, వ్రాయరాదు. తాను వచ్చిన సర్వరుతో తప్ప మరొక సర్వరుతో మాట్లాడరాదు. వేరే ప్రోగ్రాములను ప్రారంభించరాదు.

ఈ నిబంధనల వలన ఉపయోగకరమైన పనులు కూడా ఆగిపోయాయి. కనుక 1997లో వెలువడిన జావా 1.1లో సంతకం చేసిన ఆప్లెట్లను ప్రవేశపెట్టారు. తయారీదారు తన డిజిటల్ సంతకాన్ని ఆప్లెట్‌కు జతచేస్తాడు. వాడుకరి దానిని నమ్మితే ఆప్లెట్ ఇసుకపెట్టె వెలుపలికి రాగలదు. 1998 డిసెంబరులో వచ్చిన 1.2 వెలువరింతలో ఏ ఫైలును చదవవచ్చు, ఏ సర్వరుతో మాట్లాడవచ్చు అని విడివిడిగా అనుమతులు ఇచ్చే విధానం చేర్చారు. ఆచరణలో మాత్రం ఈ సూక్ష్మమైన అనుమతులను సాధారణ వాడుకరులు ఎవరూ అమర్చుకోలేదు. తెర మీదకు ఒక హెచ్చరిక వచ్చేది. వాడుకరి దానిని చదివీ చదవకుండా రన్ అనే మీటను నొక్కేవాడు. ఆ ఒక్క నొక్కుతో ఆప్లెట్‌కు కంప్యూటరు మీద ఆ వాడుకరికి ఉన్న అధికారాలన్నీ లభించేవి.

జావా వెబ్ స్టార్ట్

బ్రౌజరు కిటికీ లోపల ఇమిడి ఉండడం పెద్ద ప్రోగ్రాములకు అనువైనది కాదు. పేజీ మూసివేస్తే ప్రోగ్రాము కూడా ముగిసిపోతుంది. దీనికి పరిష్కారంగా 2001లో జావా వెబ్ స్టార్ట్ వచ్చింది. 2002లో వెలువడిన 1.4 వెలువరింతలో దీనిని జావాతోనే కలిపి ఇచ్చారు. ఇందులో బ్రౌజరు పాత్ర ఒక లంకెను నొక్కడం వరకే. ఆ లంకె వెనుక జె.ఎన్.ఎల్.పి. అనే వివరణ ఫైలు ఉంటుంది. ప్రోగ్రాము ఎక్కడ ఉన్నది, దానికి ఏ వెలువరింత జావా కావాలి, ఏ అనుమతులు కావాలి అనే వివరాలు ఆ ఫైలులో ఉంటాయి. వెబ్ స్టార్ట్ ఆ వివరాలను అనుసరించి ప్రోగ్రామును దింపుకొని, కంప్యూటరులో దాచుకొని, విడి కిటికీలో నడుపుతుంది. సర్వరులో కొత్త ప్రతి ఉంటే మరునాడు తానే తెచ్చుకుంటుంది.

ఈ చివరి గుణం యొక్క విలువ ఒక ఉదాహరణతో బోధపడుతుంది. 2016 అక్టోబరు 11న తెలంగాణలోని 10 జిల్లాలను 31 జిల్లాలుగా పునర్వ్యవస్థీకరించారు. పూర్వపు కరీంనగర్ జిల్లా నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు, ఆదిలాబాద్ జిల్లా నుండి నిర్మల్, మంచిర్యాల, కొమరంభీం ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పడినవి. జిల్లాల జాబితాను తనలోనే దాచుకున్న ప్రోగ్రాము ఆ రోజుతో పాతబడిపోయింది. అటువంటి ప్రోగ్రామును వంద కంప్యూటర్లలో విడివిడిగా ప్రతిష్ఠించి ఉంటే, వంద చోట్లకూ వెళ్ళి మార్చవలసి ఉంటుంది. వెబ్ స్టార్ట్ వంటి పద్ధతిలో సర్వరులో ఒక్కచోట మారిస్తే సరిపోతుంది.

నిర్వహణ వ్యవస్థతో అనుసంధానం

నిర్వహణ వ్యవస్థ సౌకర్యాలను అందుకోవడానికి జావాలో అనేక మార్గాలు ఉన్నాయి.

జావా నేటివ్ ఇంటర్‌ఫేస్: దీనినే జె.ఎన్.ఐ. అంటారు. ఇది 1997లో 1.1 వెలువరింతతో వచ్చింది. దీని ద్వారా జావా ప్రోగ్రాము సి లేదా సి ప్లస్ ప్లస్ భాషలో వ్రాసిన లైబ్రరీని పిలువగలదు. అసాధ్యమన్నది లేని మార్గమే అయినా, ప్రతి నిర్వహణ వ్యవస్థకు వేరుగా లైబ్రరీ తయారు చేయవలసి ఉంటుంది. సి భాషలోని భాగంలో పొరపాటు జరిగితే మొత్తం వర్చువల్ మెషీనే కూలిపోవచ్చు.

క్లిప్‌బోర్డు, ముద్రణ: ఒక ప్రోగ్రాములో నకలు చేసిన పాఠ్యాన్ని మరొక దానిలో అతికించడం, ప్రింటరుకు పంపడం వంటివి కూడా 1.1 నుండి సాధ్యమైనవి.

జెడిక్: 2004లో సన్ సంస్థ జావా డెస్క్‌టాప్ అనుసంధాన భాగాల కొరకు జెడిక్ అనే ప్రాజెక్టును ఆరంభించింది. జావా కిటికీ లోపల కంప్యూటరులోని బ్రౌజరునే ఇమిడ్చి చూపడం, ఫైలుకు తగిన ప్రోగ్రామును తెరవడం, గడియారం ప్రక్కన ఉండే సిస్టం ట్రేలో గుర్తును ఉంచడం, ఫలానా రకపు ఫైళ్ళు తనవని నిర్వహణ వ్యవస్థకు నమోదు చేయించడం ఇందులోని ముఖ్యాంశాలు. ఆప్లెట్‌లో బ్రౌజరు లోపల జావా ఉంటే, ఇందులో జావా లోపల బ్రౌజరు ఉన్నది. అనుసంధానం రెండు దిశలలోను అవసరమని దీని వలన తెలుస్తుంది.

డెస్క్‌టాప్, సిస్టం ట్రే క్లాసులు: జెడిక్‌లోని కొన్ని అంశాలను 2006 డిసెంబరులో వెలువడిన జావా 6లో శాశ్వతంగా చేర్చారు. డెస్క్‌టాప్ క్లాసులో ఐదు ప్రధానమైన పనులు ఉన్నాయి. బ్రౌజ్ అనే మెథడ్ ఇచ్చిన చిరునామాను వాడుకరి ఎంచుకున్న బ్రౌజరులో తెరుస్తుంది. ఓపెన్, ఎడిట్, ప్రింట్ అనేవి ఫైలును తెరవడానికి, సరిదిద్దడానికి, ముద్రించడానికి ఉపయోగపడతాయి. మెయిల్ అనేది ఉత్తరం వ్రాసే కిటికీని తెరుస్తుంది. ఈ సౌకర్యాలు అన్ని కంప్యూటర్లలోను ఉండకపోవచ్చు. కనుక ముందుగా అది లభ్యమవుతుందో లేదో అడిగి తెలుసుకొని, తరువాతనే పిలవడం మంచి పద్ధతి. 2017లో వచ్చిన జావా 9లో ఫైలును చెత్తబుట్టలో వేయడం, కంప్యూటరు నిద్రావస్థకు వెళ్ళినపుడు సమాచారం పొందడం వంటివి అదనంగా చేర్చారు.

వెబ్‌వ్యూ: జావా లోపల బ్రౌజరును చూపే సౌకర్యాన్ని జావా 6లో చేర్చలేదు. 2011లో వచ్చిన జావా ఎఫ్.ఎక్స్. 2.0లో వెబ్‌కిట్ ఆధారంగా వెబ్‌వ్యూ అనే భాగం ద్వారా ఆ లోటు తీరింది.

డిజిటల్ సంతకాలు, టెండర్లు

సామాన్య ప్రజలకు పైన చెప్పిన అనుసంధానం అనుభవంలోకి వచ్చిన ముఖ్య సందర్భం డిజిటల్ సంతకం. సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబరు 17 నుండి అమలులోకి వచ్చి, డిజిటల్ సంతకానికి భారతదేశంలో చట్టబద్ధత కల్పించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2003లో టెండర్లను అంతర్జాలం ద్వారా స్వీకరించే ఈ-ప్రొక్యూర్‌మెంట్ విధానాన్ని ప్రారంభించింది. రోడ్లు, చెరువులు, భవనాల పనులకు పోటీపడే గుత్తేదారులు అంతకుముందు కార్యాలయానికి వచ్చి పెట్టెలో కవరు వేయవలసి వచ్చేది. ఆ చోట ఒకరినొకరు అడ్డుకోవడానికి, కుమ్మక్కు కావడానికి అవకాశం ఉండేది. కొత్త విధానంలో ఆసిఫాబాదులోని గుత్తేదారు కూడా తన ఊరి నుండే టెండరు దాఖలు చేయగలడు.

ఇక్కడ ఒక సాంకేతిక చిక్కు ఎదురవుతుంది. డిజిటల్ సంతకానికి రెండు తాళపుచెవులు ఉంటాయి. రహస్య తాళపుచెవి యజమాని వద్దనే ఉండాలి. బహిరంగ తాళపుచెవితో ఎవరైనా సంతకాన్ని సరిచూడవచ్చు. రహస్య తాళపుచెవిని టోకెన్ అనే చిన్న యు.ఎస్.బి. పరికరంలో భద్రపరుస్తారు. అది పరికరాన్ని విడిచి వెలుపలికి రాదు. పత్రం యొక్క సంక్షిప్త సంఖ్యను పరికరంలోకి పంపితే, సంతకం మాత్రం వెలుపలికి వస్తుంది. టెండరు పత్రం వెబ్ పేజీలో ఉన్నది. తాళపుచెవి యు.ఎస్.బి. పరికరంలో ఉన్నది. వెబ్ పేజీకి యు.ఎస్.బి. పరికరాన్ని తాకే అధికారం లేదు.

ఈ అగాధానికి సంతకం చేసిన ఆప్లెట్ వంతెన అయ్యింది. 2004లో వచ్చిన జావా 5.0లో పి.కె.సి.ఎస్. 11 అనే ప్రమాణం ద్వారా టోకెన్లతో మాట్లాడే సౌకర్యం కల్పించారు. జావా 6లో విండోస్ తన వద్ద దాచుకునే ధ్రువపత్రాల భాండాగారాన్ని వాడుకొనే సౌకర్యం వచ్చింది. పేజీలోని ఆప్లెట్ పత్రాన్ని తీసుకొని, టోకెన్ డ్రైవరు ద్వారా సంతకం చేయించి, తిరిగి పేజీకి అందించేది. జాతీయ సమాచార కేంద్రం రూపొందించిన జెప్‌నిక్ అనే ప్రభుత్వ టెండర్ల వ్యవస్థలో ఈ విధంగా జావా ఆప్లెట్లను ఉపయోగించారు. ఆదాయపు పన్ను శాఖ కూడా రిటర్ను పత్రాలను ఇంటివద్ద నింపుకొనడానికి కొన్ని సంవత్సరాలపాటు జావాలో వ్రాసిన ప్రోగ్రామును ఇచ్చింది. 2021లో ఆ పద్ధతిని విడిచిపెట్టింది.

వంతెనలో ఏ ఒక్క రాయి కదిలినా దారి మూసుకుపోతుంది. ఇక్కడ బ్రౌజరు, జావా ప్లగిన్, టోకెన్ డ్రైవరు, నిర్వహణ వ్యవస్థ అనే నాలుగూ ఒకదానితో ఒకటి పొసగాలి. ఉదాహరణకు 32 బిట్ల జావా 64 బిట్ల డ్రైవరును పిలవలేదు. టోకెన్ సక్రమంగానే ఉన్నా తెర మీద ధ్రువపత్రం కనబడదు. టెండరు గడువు సాయంత్రం ముగుస్తుందనగా మంచిర్యాలలోని గుత్తేదారుకు ఈ చిక్కు ఎదురైతే, అతని పోటీ అక్కడితో ముగిసినట్లే. చట్టం అందరికీ సమానావకాశం కల్పించినా, ఆ అవకాశం చివరకు ఒక చిన్న ప్రోగ్రాము పొందిక మీద ఆధారపడుతుంది. గడువుకు రెండు మూడు రోజుల ముందే కంప్యూటరును పరీక్షించుకొనడం శ్రేయస్కరం.

తెలుగు, గోండి లిపులు

నిర్వహణ వ్యవస్థతో అనుసంధానంలో భాషా సంబంధమైన అంశాలు కూడా ఇమిడి ఉన్నాయి. జావా మొదటి నుండి యూనికోడ్‌ను ఆధారంగా చేసుకున్నది. ప్రోగ్రాములోని చలరాశులకు తెలుగులో పేర్లు పెట్టుకొనడం కూడా సాధ్యమే. అయినప్పటికీ కొన్ని విషయాలలో జాగ్రత్త వహించాలి.

మొదటిది అక్షరాల లెక్క. "కరీంనగర్" అనే పదంలో చదువరికి క, రీం, న, గ, ర్ అని ఐదు అక్షరాలు కనబడతాయి. జావా మాత్రం ఎనిమిది అని చెబుతుంది. ఎందుకంటే గుడిదీర్ఘం, సున్న, పొల్లు అనేవి యూనికోడ్‌లో విడి సంకేతాలు. "ఆదిలాబాద్" అనే పదంలోనూ చదువరికి ఐదు అక్షరాలే, జావాకు తొమ్మిది. పేరు ఎన్ని అక్షరాలకు మించరాదో నిర్ణయించే దరఖాస్తు పత్రాలలో ఈ తేడాను గమనించకపోతే తెలుగు పేర్లు మధ్యలో తెగిపోతాయి.

రెండవది ఫైళ్ళ సంకేత పద్ధతి. జావా 17 వరకు, ప్రత్యేకంగా చెప్పకపోతే, ప్రోగ్రాము నిర్వహణ వ్యవస్థ యొక్క అలవాటు సంకేత పద్ధతినే వాడేది. విండోస్‌లో అది తరచుగా పాశ్చాత్య లిపులకు మాత్రమే సరిపోయే పద్ధతి. అందులో తెలుగు వ్రాస్తే ప్రతి సంకేతం స్థానంలో ప్రశ్నార్థక చిహ్నం చేరుతుంది. ఈ విధంగా పోయిన పాఠ్యం మరల తిరిగిరాదు. లైనక్స్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రామే విండోస్‌లో ఇలా పాఠ్యాన్ని పాడుచేయగలదు. 2022 మార్చిలో వచ్చిన జావా 18 నుండి అన్ని నిర్వహణ వ్యవస్థలలోను యు.టి.ఎఫ్.-8 పద్ధతే అలవాటు పద్ధతిగా మారింది.

మూడవది లిపిని తెరపై చూపడం. "స్త్రీ" అనే అక్షరం ఆరు సంకేతాల సముదాయం. వాటిని సరియైన ఒత్తులతో కూర్చే పనిని జావా 9 నుండి హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్టువేరు చేస్తున్నది. అక్షరరూపాలు మాత్రం నిర్వహణ వ్యవస్థలోని ఫాంటు నుండి రావాలి. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి, విండోస్ 8 నుండి నిర్మలా యుఐ అనే ఫాంట్లు తెలుగుకు ఉపయోగపడ్డాయి. కంప్యూటరులో ఫాంటు ఉంటుందన్న నమ్మకం లేకపోతే, ప్రోగ్రాముతోపాటే ఫాంటును జతచేసి పంపవచ్చు.

ఈ చివరి అంశం గోండి భాష విషయంలో మరింత ముఖ్యమైనది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాల గ్రామంలో గోండి వ్రాతప్రతులు లభించాయి. వాటిలోని లిపిని గుంజాల గోండి లిపి అంటారు. 2018 జూన్‌లో వెలువడిన యూనికోడ్ 11.0లో దీనికి స్థానం లభించింది. 2019లో వచ్చిన జావా 12 ఈ యూనికోడ్ వెలువరింతను గుర్తించింది. మున్షీ మంగళ్‌సింగ్ మసారం 1918లో రూపొందించిన మసారం గోండి అనే మరొక లిపి 2017లోనే యూనికోడ్‌లో చేరింది.

తెలుగు సంకేతాలు యూనికోడ్‌లోని మొదటి 65,536 స్థానాలలో ఉన్నాయి. కనుక జావాలో ఒక్కొక్క సంకేతానికి 16 బిట్ల గది ఒకటి చాలు. గోండి లిపుల సంకేతాలు ఆ పరిధికి వెలుపల ఉండడం వలన ఒక్కొక్క దానికి రెండు గదులు కావాలి. ఇటువంటి జంట గదులతో పనిచేసే మెథడ్లను 2004లో జావా 5.0లో చేర్చారు. ఒక్కొక్క గదిని ఒక్కొక్క అక్షరమని భావించి వ్రాసిన పాత ప్రోగ్రాములు గోండి సంకేతాన్ని మధ్యకు విరిచివేస్తాయి. ఉట్నూరు ప్రాంతపు విద్యార్థి తన మాతృభాషలో ఒక పాఠాన్ని తెరపై చూడగలగాలంటే యూనికోడ్, జావా, ఫాంటు అనే మూడూ కలిసిరావాలి.

సంఖ్యలను వ్రాసే తీరులోను ఒక లోపం ఉన్నది. మనం 12,34,567 అని లక్షల పద్ధతిలో వ్రాస్తాము. జావాలోని సాధారణ సంఖ్యారూప క్లాసు కామాల మధ్య ఒకే దూరాన్ని పాటించడం వలన 1,234,567 అని ముద్రిస్తుంది. లక్షల పద్ధతి కావలసినవారు ఐసియు అనే ప్రత్యేక లైబ్రరీని ఉపయోగించవలసి ఉంటుంది.

భద్రతా సమస్యలు, ఆప్లెట్ల అంతం

2010లో ఒరాకిల్ సంస్థ సన్ మైక్రోసిస్టమ్స్‌ను కొనుగోలు చేసింది. ఆ తరువాతి సంవత్సరాలలో జావా ప్లగిన్‌లో అనేక లోపాలు బయటపడ్డాయి. ఇసుకపెట్టె గోడకు ఎక్కడ చిన్న కన్నం పడినా ఆప్లెట్ వెలుపలికి రాగలదు. 2013 జనవరిలో బయటపడిన ఒక లోపం తీవ్రత దృష్ట్యా, బ్రౌజర్లలో జావాను నిలిపివేయవలసిందిగా అమెరికా ప్రభుత్వ కంప్యూటరు భద్రతా విభాగం సలహా ఇచ్చింది. అదే సంవత్సరం ఫేస్‌బుక్, ఆపిల్ సంస్థలు తమ ఉద్యోగుల కంప్యూటర్లపై జావా లోపం ద్వారా దాడి జరిగినట్లు ప్రకటించాయి. 2014 జనవరిలో వచ్చిన జావా 7 సవరణ సంతకం లేని ఆప్లెట్లను అలవాటుగా అడ్డుకొనడం మొదలుపెట్టింది.

బ్రౌజర్లు కూడా ప్లగిన్లకు తలుపులు మూసివేశాయి. గూగుల్ క్రోమ్ 2015 సెప్టెంబరులోను, ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలోను జావా ప్లగిన్‌కు స్థానం లేకుండా చేశాయి. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ 2015లో మొదలైనపుడే ఆ సౌకర్యం లేదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ వీడ్కోలు పలికింది. జావా వైపున 2017లో వెలువడిన జావా 9లో ఆప్లెట్ విధానాన్ని వాడరాదని సూచించారు. 2018 సెప్టెంబరులో వచ్చిన జావా 11 నుండి ప్లగిన్‌ను, వెబ్ స్టార్ట్‌ను కూడా తొలగించారు. ఇసుకపెట్టెకు మూలమైన సెక్యూరిటీ మేనేజరును 2025లో వచ్చిన జావా 24లో శాశ్వతంగా పనిచేయకుండా చేశారు.

ఈ మార్పుల మధ్యకాలంలో ఒక విపరీత పరిస్థితి ఏర్పడింది. ఆప్లెట్ మీద ఆధారపడిన సేవలు కావలసినవారు పాత బ్రౌజరును, పాత జావాను విడువలేకపోయారు. సంతకం యొక్క భద్రత కొరకు ఏర్పరచిన పద్ధతే భద్రత లేని కంప్యూటరును కాపాడుకొనవలసిన అగత్యాన్ని కల్పించింది.

ప్రస్తుత పద్ధతులు

డిజిటల్ సంతకానికి ఇప్పుడు ఎక్కువగా వాడే పద్ధతి స్థానిక సహాయక ప్రోగ్రాము. దీనిని కంప్యూటరులో ఒకసారి ప్రతిష్ఠిస్తారు. అది వెనుకగా నడుస్తూ, అదే కంప్యూటరులోని ఒక పోర్టు వద్ద బ్రౌజరు నుండి వచ్చే పిలుపు కొరకు ఎదురుచూస్తుంది. పేజీలోని జావాస్క్రిప్టు పత్రం సంక్షిప్త సంఖ్యను దానికి పంపుతుంది. అది టోకెన్ చేత సంతకం చేయించి తిరిగి ఇస్తుంది. 2017లో ప్రారంభమైన జి.ఎస్.టి. పోర్టల్ ఈఎమ్‌సైనర్ అనే ప్రోగ్రాము ద్వారా ఈ పద్ధతిని అనుసరించింది. ఇందులో బ్రౌజరు, నిర్వహణ వ్యవస్థల మధ్య ప్లగిన్ ఉండదు. అయితే పిలుస్తున్న పేజీ నిజమైనదో కాదో సహాయక ప్రోగ్రాము తప్పక సరిచూసుకోవాలి. లేనిచో మరొక మోసపు పేజీ కూడా అదే తలుపు తట్టగలదు.

వెబ్ స్టార్ట్ స్థానంలో ఓపెన్ వెబ్ స్టార్ట్ అనే స్వేచ్ఛా సాఫ్టువేరు లభిస్తున్నది. 2021లో వచ్చిన జావా 16లోని జెప్యాకేజ్ అనే పరికరంతో ప్రోగ్రామును, దానికి కావలసిన జావాను ఒకే పొట్లంగా కట్టి విండోస్, మాక్, లైనక్స్‌లకు తగిన రూపంలో ఇవ్వవచ్చు. వాడుకరి జావాను విడిగా దింపుకొనే అవసరం ఉండదు. సి లైబ్రరీలను పిలవడానికి జె.ఎన్.ఐ. కంటె సులభమైన, భద్రమైన మార్గం 2024లో జావా 22లో స్థిరపడింది.

విద్యారంగంలో

ఆప్లెట్లు పాఠశాల విద్యకు చేసిన మేలు తక్కువ కాదు. కొలరాడో విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్ర నోబెల్ బహుమతి గ్రహీత కార్ల్ వైమన్ 2002లో స్థాపించిన ఫెట్ ప్రాజెక్టు అనేక భౌతిక, రసాయన శాస్త్ర ప్రయోగాలను జావాలో రూపొందించింది. ప్రయోగశాల లేని పాఠశాలలో కూడా లోలకం, విద్యుద్వలయం వంటి వాటిని తెర మీద కదిలించి చూపవచ్చు. ప్లగిన్ అంతరించిన తరువాత వీటిలో చాలావాటిని హెచ్.టి.ఎం.ఎల్.5లో తిరిగి వ్రాశారు. మరికొన్నింటిని బైట్‌కోడ్‌ను బ్రౌజరులోనే నడిపే చీర్ప్‌జె అనే సాధనం ద్వారా అందుబాటులో ఉంచారు. గణితానికి ఉపయోగపడే జియోజీబ్రా కూడా జావాలో పుట్టి, తరువాత జావాస్క్రిప్టుకు మారినదే.

జె.ఎన్.టి.యు. హైదరాబాదు జావా పాఠ్యప్రణాళికలో ఆప్లెట్లు చాలాకాలం ఒక అధ్యాయంగా ఉన్నాయి. ఈ విశ్వవిద్యాలయానికి పూర్వపు కరీంనగర్ జిల్లాలో జగిత్యాల, మంథని ఇంజనీరింగు కళాశాలలు ఉన్నాయి. పాత పుస్తకాలలోని ఆప్లెట్ ఉదాహరణలను నేటి బ్రౌజరులో నడపబోయిన విద్యార్థికి ఖాళీ చతురస్రం తప్ప ఏమీ కనబడదు. అది విద్యార్థి పొరపాటు కాదు. అటువంటి ఉదాహరణలలోని గీతలు గీసే భాగాన్ని స్వింగ్ కిటికీలోకి మార్చుకుంటే, స్వల్ప మార్పులతో అవి నేటికీ పనిచేస్తాయి. ఇనిట్‌లోని పనులను కిటికీ నిర్మాణంలోను, స్టార్ట్‌లోని పనులను కిటికీ తెరుచుకునే సమయంలోను చేయించాలి.

ఆప్లెట్ అంతరించినా దాని కొరకు ఆలోచించిన సూత్రాలు నిలిచి ఉన్నాయి. నేటి బ్రౌజర్లు ప్రతి పేజీని ఇసుకపెట్టెలోనే నడుపుతాయి. కెమెరా, మైకు, స్థానం వంటి వాటికి పేజీ విడివిడిగా అనుమతి అడుగుతుంది. మొబైలు ఫోనులోని ఆప్‌లు కూడా ఇదే బాటలో నడుస్తున్నాయి. ఏ ప్రోగ్రాముకైనా దాని పనికి అవసరమైనంత అనుమతి మాత్రమే ఇవ్వాలి. హెచ్చరికను పూర్తిగా చదివిన తరువాతనే మీట నొక్కాలి.